చేతులెత్తిన సభ

వీధి చివరి చిన్నాసుపత్రిని బైపాస్ రోడ్డు అవతలికి మారుస్తారని తెలిసిన రోజు నుంచీ ఆ వీధిలోనే ఉండే ఒక ఇంటి కోడలికి కాలు నిలవలేదు. ఇంట్లోనే మిషను కుట్టుకునే మనిషి. అత్తగారి మడమకి చక్కెరజబ్బు పుండు. రోజు విడిచి రోజు నర్సు కట్టు మార్చాలి. ఇప్పుడైతే ఆవిడ కర్ర పట్టుకుని, నాలుగు గుమ్మాల దగ్గర ఆగి కబుర్లు చెప్పి, తనే వెళ్లొస్తుంది. బైపాస్ దాటాలంటే కాళ్లు బాగున్నవాళ్లే ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవాలి.

వార్డు సభలో పదిమంది వద్దంటే మార్పు ఆగిపోతుందట. ఆ ఒక్క మాట పట్టుకుని కోడలు గడపగడపా తిరిగింది.

"నాకు మాట్లాడ్డం రాదమ్మాయ్," అన్నాడు ఎదురింటి తాపీమేస్త్రీ.

"మాట్లాడక్కర్లేదు బాబాయ్. చేతులెత్తమన్నప్పుడు ఎత్తితే చాలు."

"ఆ మాత్రం వచ్చులే. మీ పిన్ని ముందు రోజూ ఎత్తేస్తున్నదేగా."

సభ బళ్లో, రెండో తరగతి గదిలో జరిగింది. పద్నాలుగు మంది వచ్చి, మోకాళ్లు గడ్డాలకి తగిలేలా పిల్లల బల్లల్లో ఇరుక్కున్నారు. అత్తగారికి మాత్రం కుర్చీ వేశారు. అధ్యక్షుడు మంచివాడే. "కాలెలా ఉంది పెద్దమ్మా?" అని కూడా అడిగాడు. కార్యదర్శి ఏదో గడగడా చదివి, "అభ్యంతరం ఉన్నవాళ్లు చేతులెత్తండి," అన్నాడు.

కోడలు చెయ్యెత్తింది.

అత్తగారు లేచి నిలబడింది. రెండు చేతులూ ఎత్తి అధ్యక్షుడికి దణ్ణం పెట్టింది. "నీకు పుణ్యముంటుంది నాయనా, మా ఆసుపత్రి మాకుంచు." అంత పెద్దావిడ లేచి మొక్కుతుంటే తాము కూర్చునే చెయ్యెత్తడం మర్యాద కాదనుకున్నారో ఏమో, మేస్త్రీ లేచి చేతులు జోడించాడు. అతని వెనకే అందరూ. బల్లల చప్పుడులో ముసలావిడ మాట కలిసిపోయింది. అధ్యక్షుడూ లేచి అంతే వినయంగా తిరిగి నమస్కారం పెట్టాడు. సభ ముగిసింది.

వారం తర్వాత ఆఫీసుకి వెళ్లిన కోడలికి కార్యదర్శి పుస్తకం తిప్పి చూపించాడు. "అభ్యంతరం ఒకటి. తక్కిన పౌరులు చేతులెత్తి నమస్కరించి తీర్మానాన్ని స్వాగతించారు."

"స్వాగతించలేదండీ. బతిమాలుకున్నారు."

"బతిమాలడం అభ్యంతరం కిందికి రాదమ్మా. మీ అత్తగారే కదా ముందు మొక్కింది? నేను లేనిదేం రాయలేదు."

నిజమే, లేనిదేం రాయలేదు. కోడలు ఆ వాక్యం మళ్లీ చదువుకుంది. పొద్దున్నే తనూ దేవుడికి జోడించేది ఆ చేతులే. ఎందుకు జోడించావని ఆయన ఎన్నడూ అడగలేదు. మొక్కే చోటు వేరు, అడిగే చోటు వేరు అని ఆ ముసలావిడకి ఇన్నేళ్లలో ఎవరు చెప్పారు? తను మాత్రం చెప్పిందా? చేతులెత్తమంది గానీ, ఒక్క చెయ్యే అనలేదు.

"మళ్లీ సభ ఎప్పుడండీ?"

"ఆరు నెలలకి. ఆసుపత్రి సామాను రేపే వెళ్లిపోతోంది."

ఇంటి దగ్గర అత్తగారు అరుగు మీద కూర్చుని ఎదురుచూస్తోంది. "ఏమన్నారే ఆఫీసులో?"

"రాసుకున్నారత్తయ్యా."

"ఏమని?"

"మీరు దణ్ణం పెట్టారని."

"రాయరా మరి. అంతటివాడు లేచి నాకు తిరిగి దణ్ణం పెట్టాడు, చూశావుగా." ఆవిడ కట్టు కాలు మెల్లగా జాపుకుంది. "ఎల్లుండి కట్టు మార్చాలి. నువ్వు పని మానుకుని రాకు. నేనే వెళ్లొస్తాలే."