ఆఖరి తడి వదిలిన రోజు

దసరా పోయి దీపావళి ఇంకా రాని ఆ నడుమ రోజులు మా చెరువు ఒడ్డున చాలా బాగుంటయి. వానలు ఆగిపోతయి. బురద ఎండి కాలికి గట్టి నేల తగులుతది. పొద్దున్నే నీళ్ళ మీద మంచు పొగ లేస్తది, ఎండ రాంగనే కలువలు కనబడతయి. కోతలకు ఇంకా టైమ్ ఉంటది కాబట్టి ఎవరికీ తొందర ఉండదు. మా ఆయన సీతారాములు గోదావరి అవతల పత్తి ఏరే పనికి పోతడు. ఇంట్ల నేనూ నా బిడ్డా ఇద్దరమే.

మా వాకిలి నుంచి నీళ్ళ దాకా ఇరవై అడుగులు. ఆ ఇరవై అడుగులే నా భయం.

స్రవంతికి ఇప్పుడు పంతొమ్మిదేండ్లు. పదిహేనో ఏట ఒడ్డున బట్టలు పిండుతుంటె మూర్ఛ వచ్చి నీళ్ళల్ల బోర్లా పడ్డది. పక్కింటి బుధ్రి చూసి జుట్టు పట్టి లాగకపోతే... ఆ మాట ఇప్పటికీ నేను పూర్తిగ అనలేను. ఆనాడు నేను ఇంటింటికీ తిరిగిన. "మా పిల్లను నీళ్ళు పట్టుకున్నయమ్మా, చెరువు దిక్కు వస్తే ఆపుండ్రి, నన్ను పిలువుండ్రి" అని ఏడ్చిన. ఊరి పూజారి వడ్డెను పిలిచి పూజ చేయించి, ఒడ్డున కోడిని కోయించిన.

తర్వాత బీజాపూర్ పెద్దాసుపత్రికి తీసుకపోతే డాక్టరమ్మ గోలీలు రాసింది. పదమూడు నెలలసంది మూర్ఛ ఒక్కసారి కూడ రాలె. "ఇంట్ల మూసిపెట్టకు. నీళ్ళల్ల దిగితే మాత్రం చెయ్యి అందే దూరంల ఒక మనిషి ఉండాలె" అన్నది డాక్టరమ్మ. ఆ మనిషిని నేనే.

అట్ల ఈ ఏడు మొదటిసారి మేమిద్దరం ఒడ్డున కూసున్నం. స్రవంతి కాళ్ళు నీళ్ళల్ల పెట్టి అడ్డాకులు కుట్టేది. నేను కూడ ఆకులు ముందర వేసుకునేదాన్ని గని ఒక్క విస్తరి కుట్టిన పాపాన పోలె. దాని ముఖమే చూసేదాన్ని. కన్ను అదిరిందా, పెదవి వంకర పోయిందా అని.

"అమ్మా, ఆ కొంగ కూడ చేపను ఇంతగనం చూస్తలేదే" అనేది.

"కొంగకు కడుపు ఆకలి. నాకు కడుపు తీపి. కుట్టు, మాట్లాడకు."

అయినా మంచిగుండేది. తూనీగలు వచ్చి దాని మోకాలి మీద వాలేటివి. మధ్యాన్నం అక్కడే అన్నం తినేటోళ్ళం. భయపడుకుంటనే సంతోషపడటం నాకు కొత్త.

ఆరో రోజు మా బావ సీతయ్య వచ్చిండు. చెరువు తూము ఆయన చేతిల ఉంటది. వరికి ఆఖరి తడి వదిలినంక చెరువు రెండు మూరలు దిగుతది, ఒడ్డు పక్కకు చిన్న చేపలు వస్తయి. ఆ రోజు మా ఊర్ల ఆడోళ్ళే దిగాలె. ఇద్దరిద్దరు పాత చీర కొసలు పట్టుకొని నీళ్ళల్ల ఈడుస్తరు. మగోళ్ళు కట్ట మీద కూసొని చూసుడే.

"ఇయ్యాల రాత్రికి తడి వదులుతున్న, రేపు చేపలు" అన్నడు బావ. "పిల్లను ఇంట్ల పెట్టి గొళ్ళెం వెయ్యి. ఏటా వేస్తవ్ గద."

"ఈసారి ఒడ్డున కూసుంటది బావా. చూస్తది అంతే."

"ఒడ్డున కూడ వద్దు. నీళ్ళు పట్టుకున్న పిల్ల కనబడితే చెరువు ఇంకోళ్ళను అడుగుతదట. మేం దిగం అంటున్నరు ఆడోళ్ళు."

"ఎవరన్నరు ఆ మాట?"

"ఏందమ్మా, నువ్వే అన్నవ్ గద. ఇంటింటికీ తిరిగి చెప్పలే?"

నిజమే, నేనే అన్న. నా బిడ్డను కాపాడుండ్రని చెప్పిన. వీళ్ళు నాలుగేండ్లసంది చెరువును నా బిడ్డ నుంచి కాపాడుకుంటున్నరు.

స్రవంతి కూర కారమైతే కూడ ఇల్లు లేపే పిల్ల. చప్పుడు చేయకుండ ఆకులు దగ్గరకు తీసి, కట్ట కట్టి, లోపలికి పోవడానికి లేసింది. అది చూసి నా ఒళ్ళు మండిపోయింది.

"కూసో" అన్న దాంతోని. "బావా, రేపు ఇది ఒడ్డున కూసోదు."

"మంచిది."

"నీళ్ళల్ల దిగుతది. చీరకు ఒక కొస నాది, ఒక కొస దానిది."

"పిచ్చి లేసిందా నీకు? ఏమన్న అయితే?"

"ఏమన్న అయితదనే నాలుగేండ్లు బతికిన బావా. నువ్వు కొత్తగ చెప్పేదేముంది!"

తెల్లారంగనే కర్ర పట్టుకొని నేనొక్కదాన్నే దిగిన. మేము నడిచే తావంత పొడిచి పొడిచి చూసిన. ఎక్కడ గుంత, ఎక్కడ గాజు పెంకు. రెండు పెంకులు దొరికినయి, మూడోది ఉండే ఉంటదని ఇంకో గంట వెతికిన.

ఎండ ఎక్కినంక ఆడోళ్ళు చీరలు పట్టుకొని వచ్చిండ్రు. నా పక్కన స్రవంతిని చూసి ఎక్కడోళ్ళు అక్కడ ఆగిండ్రు. ఒక్కరు కూడ కాలు ముందుకు పెట్టలె.

"చూసినవా?" అన్నడు బావ కట్ట మీద నుంచి.

నలుగుర్ల మాట్లాడింది లేదు నేను. ఏడో తరగతి చదువు నాది. అయినా గొంతు దానంతటదే లేసింది.

"అమ్మా, నేను చెప్పింది తప్పు. దీన్ని నీళ్ళు పట్టుకోలె. ఇది రోగం, దీనికి గోలీ ఉన్నది, వేస్తున్నం. భయానికి ఒక మాట పుట్టించి మీ అందరికీ పంచిన. ఇప్పుడు వాపసు తీసుకుంటున్న. దిగేటోళ్ళు దిగుండ్రి. దిగనోళ్ళు రాత్రికి చింతపండు చారు కాసుకోండ్రి."

స్రవంతి నా దిక్కు చూసింది. చీరను చెయ్యి అందేటంత పొట్టిగ మడిచి, కొస దాని చేతిల పెట్టిన. దిగినం.

నీళ్ళు చల్లగ ఉన్నయి. పిక్కల దాకా వచ్చినయి, మోకాళ్ళ దాకా వచ్చినయి. వెనుక నుంచి బుధ్రి పకపక నవ్వింది.

"అరే రామక్కా, పిల్ల గట్టిగనే ఉన్నది, నీ కాళ్ళే గజగజ ఒణుకుతున్నయ్! ఎవరిని ఎవరు పట్టుకోవాలె?" అని, కోడలు ఇర్మెను రెక్క పట్టి గుంజుకుంట తనూ దిగింది. వాళ్ళ వెనుక ఇంకో జంట. ఇంకో జంట.

చీర బరువెక్కింది. పరక చేపలు బట్టకు టపటపా తగులుతున్నయి. "అమ్మా, ఇటు, ఇటు" అని స్రవంతి లోతుకు లాగుతున్నది. చాలు అనే మాట నాలుక కొస దాకా వచ్చింది. మింగిన. నడుము దాకా పోయినం.

"చాలు, ఎక్కుండ్రిగ!" అని అరిచిండు బావ.

"ఎక్కం!" అన్న. అంత గట్టిగ అరిచింది నేనేనా అని నాకే అనుమానం వచ్చింది. "పొద్దు గుంకేదాక ఎక్కం! నువ్వు ఇంటికి పోయి పండుకో బావా!"

స్రవంతి నవ్వింది. నవ్వంగ నోట్లకు నీళ్ళు పోయి దగ్గింది. దాని దగ్గుకు నా చెయ్యి దాని దిక్కు పోయింది, మళ్ళ చీర కొసకే వచ్చింది. నేను కదలలె.

రెండిళ్ళోళ్ళు ఇంకా ఒడ్డునే నిలబడి ఉన్నరు. ఉండనీ. పట్టిన చేపలను బుట్టల పోసి, చీర దులిపి, మేము మళ్ళ పరిచినం.