పదకొండు చప్పుళ్ళు విన్న కొయ్యకత్తి

నేను ఒక కొయ్యకత్తిని. అంతకుముందు సండ్రకర్ర రోకలిని. వడ్రంగి అప్పలాచారి నన్ను చెక్కి, "మొన మొద్దుగా ఉంచీసినాను బాబూ, చీమక్కూడా గుచ్చుకోదు," అంటూ ఒక పోలీసు శిక్షణ కేంద్రానికి అప్పగించాడు.

దొంగ కత్తితో మీదికొస్తే, అతని ఊపునే తిప్పి అతన్ని పడగొట్టే విద్య అక్కడ నేర్పేవారు. పేరు ఐకిడో. అందులో ఒక నియమం ఉంది. నొప్పి భరించలేనివాళ్ళు అరచేత్తో చాప మీద కొడతారు. ఆ చప్పుడు వినగానే పట్టు వదిలేయాలి.

శిక్షకుడు ఇన్‌స్పెక్టర్ ప్రభంజనరావు. ఒకనాడు పైడితల్లి అనే కానిస్టేబుల్ అతని పట్టులోంచి సులువుగా జారుకుంది. వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. మర్నాడు అతను నన్ను ఆమె చేతికిచ్చి పొడవమన్నాడు. మణికట్టు పట్టి మెలితిప్పి బోర్లా పడేశాడు. నేను జారి ఆమె ఎడమ అరచేతి పక్కన పడ్డాను.

ఆమె చాప కొట్టింది. "వదిలీండి సార్," అంటూ మళ్ళీ కొట్టింది. పదకొండుసార్లు. పన్నెండో చప్పుడు ఎముకది.

'చాప కొట్టినట్టు నాకు వినపడలేదు' అని అతను విచారణలో రాసిచ్చాడు. చూస్తున్న నలభైమందికీ ఆ పూట చెవుడొచ్చింది. తప్పు పైడితల్లిదేనని తేల్చి, ఆమెను స్టేషను డ్యూటీ నుంచి తప్పించి తపాలా విభాగంలో కూర్చోబెట్టారు. లెక్కపెట్టింది నేనొక్కదాన్నే. కొయ్య సాక్ష్యం ఎవరడుగుతారు?

ఆమె నన్ను స్టోరులో అడిగి ఇంటికి తీసుకెళ్ళింది. ఎముక అతికాక, రోజూ తెల్లారగానే నన్ను వదిన చేతికిచ్చి పొడవమనేది.

"ఏటమ్మా నీ గోల, నాను కూర కోసుకోవాల," అని సణుగుతూనే వదిన పొడిచేది. పద్నాలుగు నెలలు అలా గడిచాయి. దంచడం మరిచిపోని కర్రను కదా, ప్రభంజనరావు ఎముక కోసం నా ఒళ్ళంతా కాచుకుని ఉంది.

తిరిగి స్టేషనుకు వెళ్ళాలంటే పరీక్ష నెగ్గాలి. ఎస్పీ ఎదుట, ఆనాటి నలభైమందీ చూస్తుండగా, పరీక్ష పెట్టేది మళ్ళీ ప్రభంజనరావే.

"ఏమ్మా తపాలా, రెండో చెయ్యి కూడా తెచ్చావా?" అన్నాడు.

"ఈసారి కత్తి మీరు పట్టండి సార్."

అతను నవ్వుతూ నాతో పొడిచాడు. ఆమె పక్కకు తిరిగింది, అతని మణికట్టు అందుకుంది. మరుక్షణం అతను బోర్లా ఉన్నాడు, నేను అతని ఎడమ అరచేతి పక్కన ఉన్నాను.

తిప్పు, ఇంకా తిప్పు, అనుకున్నాను.

"చాప కొట్టండి సార్, వదిలేస్తాను."

అంతమంది ముందు అతను కొట్టలేదు. చెమట చాప మీద పడుతోంది. చివరికి రెండు వేళ్ళతో, నాకు తప్ప ఎవరికీ వినపడనంత మెల్లగా తట్టాడు.

ఆమె వెంటనే వదిలేసింది.

"చాప కొట్టారు సార్," అంది హాలంతా వినేలా. "నాకు వినపడింది."

నలభై తలలు వంగిపోయాయి. వాటిలో ఒకటి మెల్లగా లేచింది. "ఆ రోజు పైడితల్లి కూడా కొట్టింది సార్. నేను విన్నాను." ఎస్పీ ఆ పాత ఫైలు తెప్పించమన్నారు.

ఇప్పుడు పైడితల్లి స్టేషనులో ఉంది. తపాలా విభాగంలో ప్రభంజనరావు ఉన్నాడు. వెళ్ళేముందు ఆమె నన్ను ఆ బల్ల మీద, కాగితాలు ఎగరకుండా బరువుగా పెట్టి వెళ్ళింది. ఏ ఉత్తరం తీయాలన్నా అతను ముందు నన్ను పట్టుకోవాలి.

ఒక్కోసారి చేయి జారి బల్ల మీద టక్కుమని పడతాను. ఆ చప్పుడు అతనికి బాగానే వినపడుతోంది.