పిల్లలకోడి చుట్టూ మసక

మట్టెవాడలో ఫొటో స్టూడియో నడిపే యోసేపుకు ఆ డిసెంబరులో ఒకటే పంతం పట్టుకుంది. పిల్లలకోడి చుక్కలను, అంటే కృత్తికలను, అందరూ చూస్తారు. వాటి చుట్టూ ఉంటుందనే సన్నటి వెలుగు మసకను అతను ఫొటోలో పట్టాలి. "మన కెమెరాలకు అది చిక్కదు యోసేపూ. చిక్కితే శుక్రవారం మా కాలేజీ ఎగ్జిబిషన్‌ల నేనే గోడకు పెడ్త" అన్నాడు కాలేజీ సైన్సు లెక్చరరు రాజేశ్వర్ రావు.

యోసేపు రెండు చెక్కలకు బందు వేసి, మధ్య మర బిగించి, పై చెక్కకు కెమెరా కట్టాడు. చుక్కలు జరిగినకొద్దీ మర తిప్పుతుండాలి. బుధవారం ఏడున్నరకు వాడంతా కరెంటు పోయింది. జనం తిట్టుకుంటుంటే అతను నవ్వుకుంటూ డాబా ఎక్కి, గడియారం చూస్తూ ఇరవై నిమిషాలు మర తిప్పాడు.

మర్నాడు ఫిల్ము కడిగి ఆరేసి, క్రిస్మస్ గ్రూపు ఫొటో తీయడానికి కాజీపేట పోయాడు. తిరిగొచ్చేసరికి భార్య సుశీల ప్రింటు వేసి పెట్టింది. కాటుకలాంటి ఆకాశం, మెరిసే చుక్కలు. మసక జాడే లేదు.

యోసేపు స్టూలు మీద కూలబడ్డాడు. "సార్ చెప్పిందే అయింది. దొరకలే."

"ఏం దొరకలే? గింత సాఫుగ వస్తే!"

"సాఫు ఎవనికి గావాలె? చుక్కల సుట్టు పొగ ఉండాలె."

సుశీల నాలుక కరుచుకుంది. "అయ్యో, అది మరకనుకున్న! మన గోడ మీది సున్నం మరకలు కనవడకుండ ప్రింటేసేటప్పుడు ఎనుక ఎక్కువ లైటు ఇస్త గద, అట్లనే ఇచ్చిన. నల్లగయ్యేదాక."

"పిల్లలకోడికి ఈకలు పీకినవ్ గదనే!"

"ఆ ఇద్దె నేర్పింది నువ్వే. ఫికర్ చెయ్యకు, పీకింది కాయితం మీదనే. నెగెటివ్‌ల ఈకలన్ని ఉన్నయి."

ఇద్దరూ డార్క్‌రూములో దూరారు. ముందు పన్నెండు లెక్కపెట్టిన సుశీల ఈసారి అయిదుకే లైటు ఆపింది. ట్రేలో కాగితం మెల్లగా నల్లబడింది. చుక్కలు తెల్లగా నిలిచాయి. వాటి చుట్టూ, అద్దం మీద ఊదిన ఆవిరిలా, మసక నిలిచింది.

"తియ్యి, తియ్యి!"

"ఆగయ్యా, పెండ్లికూతుర్ల మొకాలు ఎన్ని తేల్చిన! ఎప్పుడు తియ్యాల్నో నాకెర్క."

శుక్రవారం పొద్దున రాజేశ్వర్ రావు ఫొటోను ముక్కుకు ఆనించుకుని చూశాడు. "ఇది మరక గాదు గద యోసేపూ?"

యోసేపు మీసం దువ్వుకున్నాడు. "మరకైతే మా ఇంటామె ఉంచుతదా సార్!"

రాజేశ్వర్ రావు మేకులు అడిగాడు.