టవరు వైపు కిటికీ

పక్కింటి గోపన్న కల్లంలో నిలబెట్టిన సెల్ టవరు మా వంటింటి కిటికీకి ఎదురుగా ఉంటుంది. శివలీల వదినకు నెల తప్పిందని తెలిసిన రోజే అమ్మ ఆ కిటికీకి రేకు పెట్టించి మేకులు కొట్టించింది. నెల తిరగకముందే వదినకు తలనొప్పి మొదలైంది.

"సూడు, టవరు రేడియేషను రేకును కూడా చీల్చుకోని వస్తాండాది," అంది అమ్మ.

ఆదోని డాక్టరమ్మ అన్నీ బాగున్నాయంది. అయినా నొప్పి పోలేదు. ఒక మధ్యాహ్నం వదిన వేరుశనక్కాయలు ఒలుస్తూ మెల్లగా అడిగింది.

"శివానీ, బిడ్డకేమన్నా అయితాదా?"

మరుసటి రోజు నేను ఊరి సచివాలయానికి పోయి, టవరు రేడియేషను కొలవమని అర్జీ పెట్టాను.

ఇరవై రోజులకు కర్నూలు నుంచి టవర్లను కొలిచే ఆరాధన మేడం వచ్చింది. అప్పటికి వదిన కట్టెల పొయ్యి మీద జొన్నరొట్టెలు కాలుస్తోంది. మేడం కళ్లు తుడుచుకుంటూ మీటరును చెక్క స్టాండు మీద నిలబెట్టింది.

"ఆరు నిమిషాలు ఎవరూ కదలొద్దు. ఫోన్లు బయట పెట్టండి."

మూడో నిమిషంలో అంకె ఒక్కసారిగా ఎగిరింది. వదిన పొట్ట మీద చెయ్యి వేసుకుంది. మేడం మాత్రం అమ్మ నడుము వైపు చూసింది. బొడ్లో దోపుకున్న గుడ్డసంచిలో ఫోను గుర్రుమంటోంది.

"మీటరుకు ఇంత దగ్గర్లో ఫోను మోగితే దానిదే ఎక్కువ చూపిస్తుంది, పెద్దమ్మా."

"టవరును నువ్వే నడుముకు కట్టుకోని తిరుగుతాండావు కదమ్మా!" వదిన మొగుడు, మా ఓబులేషన్న నవ్వాడు.

"నోర్మూసుకోరా," అని అమ్మ ఫోను అరుగు మీద పెట్టి వచ్చింది.

మళ్లీ ఆరు నిమిషాలు. ఈసారి అంకె కదలలేదు. ప్రభుత్వం పెట్టిన హద్దులో నూరో వంతు కూడా లేదని మేడం చెప్పింది.

అమ్మ ఒప్పుకోలేదు. "రేకు ఉండాది కాబట్టి అట్ల సూపిస్తాండాది. తీసి కొలువు, తెలుస్తాది."

అన్న మేకులు పీకాడు. రేకు ఊడగానే వెలుతురు లోపలికి వచ్చింది. గదిలో నిలిచిన పొగ బారులు కట్టి కిటికీలోంచి బయటికి పోవడం అందరం చూశాం. మేడం మళ్లీ కొలిచింది. అంకె కొంచెం పెరిగింది; అయినా నూరో వంతుకు లోపే ఉంది.

"రోజూ కిటికీ మూసి, ఈ పొగలోనే రొట్టెలు చేస్తావా అమ్మా?" అని వదినను అడిగింది.

"రెండు పూటలా," అంది వదిన.

"టవరుతో భయం లేదు. నీ తలనొప్పికి ఈ పొగే కారణమేమో. కిటికీ మాత్రం ఇంక మూయొద్దు. డాక్టరమ్మకు కూడా పొగ సంగతి చెప్పు."

అమ్మ మసిబట్టిన గోడ వైపు చూసింది. ఆ సాయంత్రం రొట్టెలు తనే చేసింది.

ఐదో రోజు వదిన కిటికీ దగ్గర కూర్చుని కూనిరాగం తీస్తోంది. తలనొప్పి ఎట్లుండాదని నేను అడగలేదు. అడగాల్సిన పని కనిపించలేదు.

పెరట్లో అమ్మ ఆ రేకును కోళ్లగూటి మీద కప్పుతోంది.

"వానకైనా పనికొస్తాది," అంది, నా వైపు చూడకుండానే.