గోడ అవతలి బావగారు

నేను ఒక కరెంటు పెట్టెను. నా వల్ల ఇంతవరకు ఎవరికీ కరెంటు తగల్లేదు. తగలకుండా ఉండేట్టుగానే నన్ను చేశారు.

నేను పుట్టింది ఒక రేడియో రిపేరు షాపులో. టేకు చెక్క ఒళ్ళు, ముందువైపు నల్లని రేకు, దాని మీద ఒకే వరుసలో మీటలు. మీట నొక్కితే ఎర్ర దీపం వెలుగుతుంది, లోపల తేనెటీగల రొద లాంటి చప్పుడు వస్తుంది. నా వెనక నుంచి లావుపాటి తీగ గోడలోకి పోతుంది. అవతలి గదిలో దాని కొస ఊరికే నేల మీద పడి ఉంటుంది. ఎడమ చివరి మీట కింద ‘స్వల్పం’ అనీ, కుడి చివరి మీట కింద ‘ప్రమాదం’ అనీ తెల్లరంగుతో రాయించారు.

నన్ను చేయించినవారు సదాశివమూర్తి గారు, కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పే ప్రొఫెసరు. ఎప్పుడో పరాయి దేశంలో ఒకాయన ఇలాంటి పెట్టెతోనే మామూలు మనుషులను పరీక్షించాడట. కోటు వేసుకున్న పెద్దమనిషి కానివ్వమంటే, ఏ పగా లేని మనిషికి షాకు ఇస్తూ చాలామంది చివరిదాకా వెళ్ళారట. అలా మనుషులను మోసగించి పరీక్షించడం తగునా అని ఇప్పటికీ వాదించుకుంటున్నారు.

మనవాళ్ళు అలా చేయరని ప్రొఫెసరు గారి నమ్మకం. “మనం ముందు ఏ ఊరని అడుగుతాం. వరస కలుపుతాం. కలిపాక చెయ్యి లేవదు,” అనేవారు. అందుకే పరీక్షకు ముందు ఇద్దరినీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి, టీ ఇప్పించి, మాట్లాడుకోనిచ్చేవారు.

ఆ ఇద్దరిలో ఒకరు ఎప్పుడూ మా మనిషే. పేరు గౌరీశ్వరరావు. పౌరాణిక నాటకాలాడే నటుడు. గోడ అవతల కూర్చుని, షాకు తగిలినట్టు అరవడం ఆయన పని. మొదటిరోజు ఆయన అరుపు చివర గొంతు ఎక్కడికో ఎక్కి, వంపులు తిరిగి దిగింది.

“రావుగారూ, రాగం వద్దండి. దెబ్బ తగిలినవాడు రాగం తియ్యడు.”

“అలవాటైపోనాదండి బాబూ. నోరిప్పితే ఎనకాల హార్మోనీ వినిపిస్తాది నాకు.”

తర్వాత రాగం మానేశారు. అప్పుడు వచ్చిన అరుపుకు నా రేకు కూడా అదిరింది.

పరీక్షకు వచ్చినవారంతా ట్రైనింగులో ఉన్న బడిపంతుళ్ళు. వారిలో తవిటయ్య మాస్టారు ఒకరు. చొక్కా మాయకుండా కాలరు లోపల చేతిరుమాలు మడిచి పెట్టుకున్న మనిషి. బెంచీ మీద టీ ఊదుకుంటూ, “తమరిదే ఊరండి?” అని అడిగారు.

రావుగారు నోటికొచ్చిన ఊరు చెప్పేశారు. “జగ్గన్నవలసండి.”

“ఓర్నాయనో! మా ఆవిడ కన్నోరిది ఆ పక్కూరే. అలాగైతే తమరు నాకు బావగారి వరస!”

“మరింకేటి బావగారూ! తప్పు చెప్తే కాస్త సూసి కొట్టండి.”

ఇద్దరూ నవ్వుకున్నారు. ప్రొఫెసరు గారి ముఖం కూడా విచ్చుకుంది.

రావుగారిని అవతలి గదిలోకి పంపి, నా తీగ కొస ఆయన మణికట్లకు కట్టామని మాస్టారితో చెప్పారు. మాస్టారు నా ముందు కూర్చుని జంటమాటలు చదవాలి. అవతలి మనిషి వాటిని గుర్తుపెట్టుకుని చెప్పాలి. తప్పు చెప్పినప్పుడల్లా మాస్టారు మరింత కుడి పక్క మీట నొక్కాలి. మొదట్లో తరగతిలో ఉన్నంత తేలిగ్గా సాగింది. అప్పుడు గోడ వెనక అరుపు వినిపించింది. మాస్టారు వెనక్కి తిరిగారు.

“అయ్యా, ఆయన నొప్పంటన్నారండి.”

“ప్రయోగం ఆగకూడదు మాస్టారూ. కానివ్వండి.”

మాస్టారు మెడ తుడుచుకున్నారు. గోడ వైపు తిరిగి, “ఏటీ అనుకోకండి బావగారూ,” అని మీట నొక్కారు. తర్వాతి మీటకూ ఆ మాటే అన్నారు. ఆ తర్వాతి దానికీ అంతే. గొంతులో మర్యాద ఎక్కడా తగ్గలేదు. మీటా ఎక్కడా ఆగలేదు. చివరికి వచ్చేసరికి అరుపులు ఆగిపోయాయి. అలా ఆపెయ్యాలని రావుగారికి ముందే చెప్పి ఉంచారు. చడీచప్పుడూ లేని గోడను చూస్తూ మాస్టారు ఆఖరి మీట కూడా నొక్కారు.

ప్రొఫెసరు గారు ఆయనకు అసలు సంగతి చెప్పలేదు. పంతుళ్ళంతా ఒకే హాస్టల్లో ఉంటారు, ఒకరికి తెలిస్తే అందరికీ తెలుస్తుంది, అందరిదీ అయ్యాక చెబుదామనుకున్నారు. ఇంతలో వేసవి సెలవులు వచ్చాయి.

బళ్ళు తెరిచాక మాస్టారు చేతిసంచిలో బత్తాయిలు పట్టుకుని వచ్చారు. బాగా చిక్కిపోయారు.

“జగ్గన్నవలస ఎళ్ళానండి. ఇంటింటా అడిగాను. అలాటి మనిషి ఎవులూ లేరన్నారు. ఆయన్నేటి చేశారండి? నా చేతిలో పోయుంటే ఆ మాటే చెప్పీండి. బళ్ళో పిల్లడు లెక్క తప్పు చేస్తే నేను బయటికొచ్చేస్తన్నాను. ఇలాగైతే ఉద్యోగం చెయ్యలేనండి.”

ప్రొఫెసరు గారు నోరు తెరిచేలోపే పక్కగదిలోంచి రావుగారు వచ్చేశారు.

“బావగారూ, నానే! సూడండి, గుండ్రాయిలాగున్నాను.”

మాస్టారు ఆయన చొక్కా చేతులు పైకి మడిచి, మణికట్లు తిప్పి తిప్పి చూశారు. మచ్చ ఏదీ లేదు. ప్రొఫెసరు గారు అంతా విడమరిచి చెప్పారు. “మీరు ఎవరినీ ఏమీ చెయ్యలేదు. బాధపడకండి.”

“ఆయన బాగున్నారు. సంతోషమండి. మరి నేను?”

మాస్టారు నా దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

“మళ్ళీ ఒకపాలి కూర్చుంటానండి,” అన్నారు మాస్టారు.

“ఇప్పుడు మీకు తెలిసిపోయింది కదా. ఇంక అది ప్రయోగం కాదు.”

“ప్రయోగానికి కాదండి.”

రావుగారు ఎవరినీ అడక్కుండా గోడ అవతలికి వెళ్ళి కూర్చున్నారు. మాస్టారు మాటలు చదివారు. జవాబు తప్పు వచ్చింది. ఆయన వేలు నా మొదటి మీట మీద ఆగింది. అది ఉత్త దీపమని ఆయనకు తెలుసు. వేలు మాత్రం కిందికి దిగలేదు.

“కానివ్వండి మాస్టారూ,” అన్నారు ప్రొఫెసరు గారు. అలవాటు కొద్దీ అన్నారో, పరీక్షించాలని అన్నారో నాకు తెలియదు.

“నొక్కనండి,” అన్నారు మాస్టారు.

ఈ పరీక్షల గురించి ప్రొఫెసరు గారు అచ్చువేయించిన వ్యాసంలో మాస్టారు చివరిదాకా వెళ్ళినవారి లెక్కలోనే ఉన్నారు. రెండోసారి కూర్చున్నది అందులో లేదు. ఆ తర్వాత ప్రొఫెసరు గారు మాత్రం ఎవరినీ నిజం చెప్పకుండా గడప దాటనివ్వలేదు.

ఇప్పుడు నేను అదే కాలేజీలో అద్దాల బీరువాలో ఉన్నాను. కుర్రాళ్ళు వచ్చి నా గురించి రాసిన అట్ట చదువుతారు. “నేనైతే మొదటి మీటే ముట్టుకోనురా,” అంటారు. అందరూ అదే అంటారు. కాదనడానికి నేనెవరిని? మధ్యలో లేచిపోయినవారిని కొందరిని నేను చూశాను. మొదటి మీట దగ్గరే ఆగినవారు నాకు తెలిసి ఒక్కరే. ఆయన చివరిదాకా వెళ్ళివచ్చిన మనిషి.