గోడ మడి పాలకూర

మా తోటలో పదకొండు మళ్లు. పదింటిలో కోసింది బజారుకి వెళ్తుంది. గోడ పక్కనున్న పదకొండోది మాత్రం మా ఇంటికే. మధ్యాహ్నం గోడ నీడ పడుతుంది కాబట్టి అక్కడి ఆకు లేతగా ఉంటుంది. "అమ్ముకునేవాడు వాడిపోయింది తినాలని రూలేం లేదు" అనేవాడు నాన్న. గోడ అవతల ఒకప్పుడు పాత బ్యాటరీలు పగలగొట్టి కరిగించే షెడ్డు ఉండేది. అది మూతపడి చాలా ఏళ్లయింది.

అక్క ఐదో నెలలో ఇంటికి వచ్చింది. రక్తం తక్కువగా ఉందని, ఆకుకూరలు బాగా తినమని డాక్టరమ్మ చెప్పింది. అమ్మ రోజూ గోడ మడి పాలకూరే వండి పెట్టేది. కోసి తెచ్చేది నేను.

ఆ మధ్య హాస్టల్ వంటశాలకు ఆకుకూరలు వేసే అవకాశం వచ్చింది. మట్టి పరీక్ష కాగితం ఉండాలన్నారు. వ్యవసాయాధికారిణి సంచులు పట్టుకుని వచ్చి ప్రతి మడిలోనూ మట్టి తీయాలంది. నాన్న పార భుజాన వేసుకుని ఆమెను నేరుగా గోడ దగ్గరికి తీసుకెళ్లాడు.

"ముందు ఇక్కడ తీయండి మేడం. మా పిల్లల్ని పెంచిన మట్టి ఇది."

రెండు వారాల తర్వాత సోమవారం ఆమే కాగితాలు తెచ్చింది. నాన్న వాటిని నా చేతికిచ్చి చదవమన్నాడు. పది మళ్లూ బాగున్నాయి. పదకొండో దాంట్లో సీసం, కాడ్మియం ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు ఉన్నాయి.

"ఆకు నవనవలాడుతోంది కదండీ!" అన్నాడు నాన్న.

"అదే చిక్కు. మొక్క పైకి బాగానే ఉంటుంది. మట్టిలోంచి లాగి ఆకులో దాచుకుంటుంది. పాలకూరైతే మరీను."

"ఉప్పు నీళ్లలో కడిగితే?" అంది అమ్మ.

"పైనున్న దుమ్మయితే పోతుంది. లోపలిది కడిగినా ఉడికించినా పోదమ్మా. ఇది ఎవరు తిన్నారు?"

లోపల గదిలో అక్క దగ్గింది.

"కడుపుతో ఉన్నవాళ్లుంటే వెంటనే రక్తపరీక్ష చేయించండి. సీసం బిడ్డకి కూడా చేరుతుంది" అని చెప్పి ఆమె వెళ్లిపోయింది.

"దానికి చెప్పకండి, బెంగపెట్టుకుంటుంది" అంది అమ్మ.

"వాళ్లత్తగారి చెవిన పడితే ఇంకేమైనా ఉందా? పుట్టింటివాళ్లే విషం పెట్టారంటుంది" అన్నాడు నాన్న. తర్వాత నా వైపు తిరిగాడు. "నీకెలాగూ నోట్లోంచి మాట ఊడిపడదుగా."

ఇంట్లో నా మీద వేసే పాత జోకే అది. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

గురువారం భోజనాల దగ్గర అక్క మొహం చిట్లించింది.

"ఇదేంటమ్మా, ఇంత ముదురాకు? గోడ మడిది ఏమైంది?"

"పురుగు పట్టిందే."

"ఆ మడికి పురుగా? వింతే! పోనీ మంచివి నాలుగు ఏరుకురావే పొట్టీ" అంటూ బుట్ట నా వైపు నెట్టింది.

నేను బుట్ట అందుకోలేదు.

"అక్కా, అందులో సీసం ఉంది." నేల వైపే చూస్తూ మిగతాదంతా చెప్పేశాను. రక్తపరీక్ష సంగతి కూడా.

"ఎప్పుడు తెలిసింది?"

"సోమవారం."

అక్క అమ్మను చూసింది. అమ్మ తుడిచిన కంచాన్నే మళ్లీ తుడుస్తోంది.

"నీ మంచికేనే తల్లీ..."

"నా మంచిని మూడు రోజులు దాచిపెట్టారన్నమాట. పొట్టీ, ఎన్ని రోజులు తిన్నాను?"

"ముప్పై ఎనిమిది" అన్నాను. రోజుకో కట్ట కోసినదాన్ని, నాకు తెలియకుండా ఎలా ఉంటుంది?

పొట్ట మీద పెట్టుకోబోయిన చేయి అక్క సగంలోనే ఆపేసింది. లేచి చెప్పులు వేసుకుంది.

"ఆ కాగితం పట్టుకుని రా. ఆసుపత్రికి వెళ్దాం."

"నేనూ వస్తానే" అంది అమ్మ.

"నువ్వొద్దు."

గేటు దగ్గర నాన్న ఎదురొచ్చాడు. హాస్టల్‌కి తొలి సరుకు దించి, ఖాళీ గంపలతో హుషారుగా ఉన్నాడు.

"విన్నావుటే పెద్దదానా! మనంత శుభ్రమైన ఆకు ఎవరూ తేవడం లేదన్నారు!"

అక్క ఆగలేదు.