ఎర్ర లైట్ల ల్యాప్‌టాప్

శ్రీకాకుళంలో ఆ కొట్టులో అడుగు పెట్టగానే నాకు వెగటు పుట్టింది. అత్తరు వాసన, దాన్ని మించిన తియ్యటి మాటలు. నా మనవరాలు సుహాసిని పెళ్లి వీడియోలు తీస్తుంది. వచ్చే గురువారం శ్రీముఖలింగంలో పెళ్లి. ముహూర్తమయ్యాక, మగపెళ్లివారి బస్సు భావనపాడు చేరేలోగా, ఆ బస్సులోనే వీడియో కత్తిరించి అతికించి, భోజనాల వేళకు తెర మీద చూపాలి. చూపకపోతే మాటిచ్చిన మరో మూడు పెళ్లిళ్లూ పోతాయి. అందుకే ల్యాప్‌టాప్ కొనడానికి వచ్చాం.

కొట్టు యజమాని మోహనకృష్ణ ఒకటి తెరిచాడు. మీటల కింద ఎర్ర లైట్లు, తెర మీద ఎగిరే చిలకలు. ఆ చిలకల బొమ్మ తనే చేశానన్నాడు.

"ఏటి బాబూ, కొమ్ములకి రంగేసినావా?" అన్నాను.

"గేమింగ్ పీసు తాతగారూ! ఎంత బరువైనా లాగేస్తాది."

"మా నాన్న సంతలో కొన్న ఎద్దూ ఇలాగే నిగనిగలాడీది. ఉప్పు మేపి, కడుపునిండా నీళ్లు తాగించి అమ్మీసినారు. ఇల్లు సేరేసరికి దారంతా పోసి పోసి మేకంత అయిపోనాది. మా అమ్మ దాన్ని కోళ్లగంప కింద మూసీసినాది!"

సుహాసిని నవ్వలేదు. తన కెమెరా మెమరీ కార్డు పెట్టి పాత పెళ్లి వీడియో తెరిచింది. బాగానే ఆడింది. నేను ఛార్జింగు వైరు పీకేశాను. తెర మీద తలంబ్రాలు గాల్లోనే ఆగిపోయాయి. లోపల ఫ్యాను నూర్పిడి మిషనులా రొద పెట్టింది. అరగంటకే ఛార్జింగు సగానికి పడిపోయింది.

"వైరుంచే వాడాలమ్మా," అన్నాడు మోహనకృష్ణ.

"బస్సులో ఎక్కడ గుచ్చమంటారు, డ్రైవరు సెవిలోనా?" అంది సుహాసిని.

నాకు ఒళ్లు మండింది. "ఆ సిలకల బొమ్మ దేని మీద తయారు సేసినావు బాబూ?"

అతని చూపు కిందికి జారింది. బల్ల కింద, ఇటుకలా లావుగా ఒక నల్లటి ల్యాప్‌టాప్ ఉంది.

"అది నా సొంతానికండీ."

"నీ సొంత నేల దున్నే ఎద్దే కావాల మాకు."

సుహాసిని దాన్ని పట్టుకెళ్లి, వైరు లేకుండా మెట్ల మీద ఎండలో కూర్చుని, అదే పెళ్లిని అరగంట కత్తిరించింది. తలంబ్రాలు జలజలా రాలాయి, ఛార్జింగూ పెద్దగా తగ్గలేదు. అలాంటిదే కొత్తది గోదాములోంచి దుమ్ముతో వచ్చింది. లాభం తక్కువని చూపలేదట. ఛీ, అదీ బుద్ధి!

గురువారం బస్సు భావనపాడు చేరేసరికి పని పూర్తయింది, ఛార్జింగూ మిగిలింది. తెర మీద పెళ్లి చూసి అందరూ చప్పట్లు కొట్టారు. పెళ్లికొడుకు తండ్రి మాత్రం ల్యాప్‌టాప్ చుట్టూ తిరిగి పెదవి విరిచాడు.

"ఏటి మావా, దీనికి ఎర్ర లైట్లు ఎలగవేటి?"

నా నోట్లో లడ్డూ చేదైపోయింది.

"శ్రీకాకుళంలో ఒక కొట్టుంది, నీకు సెప్తాను నాయినా. అక్కడ సిలకలు కూడా ఎగురుతాయి."